హంతకుడెవరో తెలిశాక కూడా భయపడతామా?

ప్రహ్లాదుడి కథ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. సత్యభామ అలక ఎన్నేళ్లు చూసినా తనివి తీరదు. మరి, వరస హత్యల సినిమాని రెండోసారి తీస్తే..? గుట్టు ముందే తెలిసిన భయం పనిచేస్తుందా? 2019లో వచ్చిన ‘రాక్షసుడు’ మీద విమర్శకులు ఒకలా, ప్రేక్షకులు ఒకలా ఎందుకు మాట్లాడారు? తెలిసిన కథల్నే మళ్లీ మళ్లీ చూసి మురిసిపోయే కృష్ణా డెల్టా అలవాట్లలోనే దానికి సగం జవాబు ఉంది.

స్తంభం ఫెళ్లున బద్దలవుతుంది. నరసింహస్వామి గర్జిస్తూ బయటికొస్తాడు. హిరణ్యకశిపుణ్ని గడప మీదికి లాక్కెళ్లి గోళ్లతో చీల్చేస్తాడు. ఈ సంగతి తెలియని తెలుగువాళ్లుంటారా? అయినా మొట్టమొదటి తెలుగు టాకీకి 1932లో ఎంచుకున్న కథ అదే. 1942లో మళ్లీ తీశారు. 1967లో రంగుల్లో ఇంకోసారి తీశారు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా గద పట్టుకుని నడుస్తుంటే పిల్లలు అమ్మ చీరకొంగు వెనక దాక్కున్నారు. అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. 2025లో ‘మహావతార్ నరసింహ’ అనే యానిమేషన్ సినిమా వచ్చింది. పెద్ద తారలెవరూ లేరు, ముగింపు అందరికీ తెలుసు. అయినా హాళ్లు నిండాయి!

చూస్తున్నంతసేపూ ‘ఇప్పుడొస్తాడు... ఇప్పుడే వస్తాడు’ అని ఎదురుచూడటంలోనే ఉంది మజా అంతా. అంటే, తెలిసిన భయం కూడా భయపెడుతుందన్నమాట. మరి అదే సూత్రం కత్తి పట్టుకుని తిరిగే హంతకుడి సినిమాకి ఎందుకు వర్తించదు?

తెలిసిన కథలే ఈ గడ్డకు ఇష్టం

బందరు, గుడివాడ, దివిసీమ... కృష్ణమ్మ సముద్రంలో కలిసేముందు తడిపే ఈ చివరి పల్లెలకు రీమేక్ అన్న మాట కొత్త కావచ్చు గానీ ఆ పని కొత్తకాదు. మొవ్వ మండలంలోని కూచిపూడినే తీసుకోండి. సిద్ధేంద్రయోగి ‘భామాకలాపం’ అక్కడ తరతరాలుగా ఆడుతున్నారు. సత్యభామ అలుగుతుందనీ తెలుసు, చివరికి కృష్ణుడు దిగొస్తాడనీ తెలుసు. జడ విసురుతున్న ఆ భామ మగవాడనీ తెలుసు! వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీ వేషం కడితే జనం కళ్లార్పకుండా చూసింది అందుకే. వేషం వెనక ఎవరున్నారో తెలియడం వల్ల ఆనందం తగ్గలేదు సరికదా, రెట్టింపయ్యింది.

పద్య నాటకాలదీ ఇదే కథ. పద్యం మొదటి పాదం ఎత్తుకోగానే రెండోది ప్రేక్షకుల పెదాల మీద ఉంటుంది. అయినా రాగం తీయడం అయ్యీ అవ్వగానే ‘వన్స్‌మోర్’ అంటూ కేకలు! కథ తెలుసుకోవడానికి ఎవరూ వెళ్లరు. ఈసారి ఎలా పాడతాడో, ఎలా ఆడతాడో చూడటానికే వెళతారు.

ఆ నేలలోంచి వచ్చినవాళ్లే సినిమాల్లోకి వెళ్లారు కాబట్టి వాళ్లకీ ఆ నాడి తెలుసు. 1953 నాటి ‘దేవదాసు’ దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. హీరో అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం. అప్పటికే ఆ బెంగాలీ నవల మూకీగానూ టాకీగానూ తెరకెక్కేసింది. అయినా ఇవాళ్టికీ దేవదాసు అంటే తెలుగువాళ్లకు అక్కినేనే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కథ కూడా అంతే. శశిరేఖా పరిణయం 1936లోనే తెలుగు తెరమీదికి వచ్చేసింది. ఇరవై ఒక్కేళ్ల తరవాత బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు మాటలు రాస్తే, గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ కృష్ణుడైతే, అక్కినేని అభిమన్యుడైతే... పాత కథ అన్న సంగతే ఎవరికీ గుర్తురాలేదు.

కాబట్టి ‘రీమేకా... ఛీ!’ అనే అలవాటు ఇక్కడి ప్రేక్షకులకు లేదు. బాగుంటే రెండోసారి తీసినా చూస్తారు, పదోసారి తీసినా చూస్తారు.

కత్తి సినిమాల లెక్క వేరు

అయితే ఒక రకం సినిమా మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఇంగ్లిషులో దాన్ని స్లాషర్ అంటారు. ఓ హంతకుడు. ముసుగో, మారువేషమో ఉంటుంది. చేతిలో కత్తో గొడ్డలో ఉంటుంది. ఒకరి తరవాత ఒకర్ని చంపుకుంటూ పోతాడు. ఎవరు, ఎందుకు... అన్నవి చివరిదాకా తేలవు. ప్రేక్షకుడు టికెట్టు కొనేది ఆ రెండు ప్రశ్నలకే. హాల్లోంచి బయటికొచ్చేటప్పటికి ఆ సరుకు ఖర్చయిపోతుంది!

ఈ తరహాకు పెద్దన్న లాంటిది 1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’. గుట్టు బయటపడకుండా ఆయన పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకున్నాడు. మాతృక నవల ప్రతులు బజారులో దొరకనివ్వకుండా కొనిపించేశాడని కూడా చెబుతారు. రంగుల కాలంలోనూ ఆ సినిమాని నలుపు తెలుపుల్లోనే తీశాడు. స్నానాలగదిలో పారిన నెత్తురు నిజానికి చాక్లెట్ సిరప్!

దక్షిణాదిన ఆ దారిలో వచ్చిన వాటిలో బాగా గుర్తుండిపోయింది భారతీరాజా ‘సిగప్పు రోజాక్కళ్’. 1978లో తమిళంలో వచ్చిన ఆ సినిమాని తెలుగువాళ్లు ‘ఎర్ర గులాబీలు’గా చూశారు. కమల్‌హాసన్, శ్రీదేవి, ఇళయరాజా పాటలు. ఓవైపు ప్రేమకథ, మరోవైపు తోటలో గులాబీ మొక్కల కింద దాగిన ఘోరం. ఆ తరం ఆడవాళ్లు చాలాకాలం మరిచిపోలేని సినిమా అది. భారతీరాజానే దాన్ని 1980లో రాజేశ్‌ఖన్నాతో హిందీలో ‘రెడ్ రోజ్’గా తీశాడు. అదే దర్శకుడు, అదే కథ. తమిళంలో, తెలుగులో నిలిచినట్టు హిందీలో ఆ పేరు నిలవలేదు. నవ్వుతూ పలకరించే కుర్రాడి వెనక ఏముందోనన్న భయం కమల్‌హాసన్ ముఖంలో పలికినట్టు అందరి ముఖాల్లోనూ పలకదు మరి.

రాక్షసుడు వచ్చాడు

నాలుగు దశాబ్దాల తరవాత అలాంటి కలకలం రేపిన మరో తమిళ చిత్రం ‘రాట్చసన్’. 2018 అక్టోబరు 5న విడుదలైంది. దర్శకుడు రామ్‌కుమార్. విష్ణు విశాల్, అమలాపాల్ ప్రధాన పాత్రలు. సినిమా దర్శకుడు కావాలని కలలుగనే ఓ కుర్రాడు వరస హంతకుల మీద కథ రాసుకుంటాడు. గోడ నిండా పేపరు కత్తిరింపులు అంటించుకుంటాడు. ఇంటి పరిస్థితులు తోసుకొచ్చి పోలీసు ఉద్యోగంలో చేర్పిస్తాయి. సరిగ్గా అప్పుడే ఊళ్లో స్కూలు పిల్లలు మాయమవుతుంటారు. ఇళ్ల దగ్గర ఓ కానుక పెట్టె దొరుకుతుంది, అందులో ముఖం చెక్కేసిన బొమ్మ! ఒక్కో హత్యా ఆ కుర్రాడు రాసుకున్న కథలోంచి వచ్చినట్టే ఉంటుంది. చివరికి ఆ మృత్యువు అతని సొంత ఇంటి గుమ్మం తొక్కుతుంది.

పది నెలలు తిరగకుండానే, 2019 ఆగస్టు 2న, అది తెలుగులో ‘రాక్షసుడు’గా వచ్చింది. దర్శకుడు రమేశ్‌వర్మ. నిర్మాత కోనేరు సత్యనారాయణ. బెల్లంకొండ సాయి శ్రీనివాస్ హీరో, అనుపమా పరమేశ్వరన్ హీరోయిన్. జిబ్రాన్ సంగీతం తమిళం నుంచే వచ్చింది. హంతకుడిగా, పిల్లల్ని వేధించే మాస్టారుగా తమిళంలో వేసినవాళ్లే తెలుగులోనూ వేశారు. కథ చెన్నై నుంచి హైదరాబాదుకు మారింది. దాదాపు మూడు గంటల నిడివి కాస్త తగ్గింది. మిగతాదంతా... సన్నివేశానికి సన్నివేశం అదే!

ఇద్దరి మాటా నిజమే

ఇక్కడే అభిప్రాయాలు రెండుగా చీలాయి. తమిళ చిత్రం చూసేసిన విమర్శకులు పక్కపక్కన పెట్టి పోల్చారు. మాతృకను చెడగొట్టలేదు, అదే గొప్ప అన్నారు కొందరు. చెడగొట్టలేదు సరే, కొత్తగా చేసిందేముంది అన్నారు మరికొందరు. కెమెరా ఎక్కడ పెట్టాలో, సంగీతం ఎక్కడ ఆగాలో, ఎవరు ఎప్పుడు వెనక్కి తిరగాలో అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటే దర్శకుడి పని ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. పోటాపోటీ ఫైట్లు, డాన్సుల మధ్య కనిపించే సాయి శ్రీనివాస్ ఇందులో తగ్గి, ఒదిగి నటించాడని మాత్రం దాదాపు అందరూ మెచ్చుకున్నారు. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రిగా రాజీవ్ కనకాల మార్చురీలో కుప్పకూలే ఘట్టం చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ.

తమిళం చూడని ప్రేక్షకుడికి ఈ గొడవేదీ పట్టలేదు. అతనికి అది రీమేక్ కాదు, కొత్త సినిమా! ఆ కానుక పెట్టె తెరిచినప్పుడు గుండె ఝల్లుమంది. పియానో మీద ఆ నాలుగు స్వరాలూ మోగితే ఒళ్లు జలదరించింది. ఎవరో, ఎందుకో తెలియక సీటు చివరికి జరిగి కూర్చున్నాడు. బయటికొచ్చి పదిమందికి చెప్పాడు. ‘అల్లుడు శీను’తో 2014లో పరిచయమైన హీరోకి వరస నిరాశల తరవాత ఆ మాటే ఊపిరి పోసింది.

ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఒకే తెర మీద రెండు సినిమాలు ఆడాయి. చూసినవాడు పోలికలు చూశాడు. చూడనివాడు హంతకుణ్ని వెతికాడు. స్లాషర్ రీమేక్‌కి ఉన్న చిక్కే అది. ‘భామాకలాపం’ తెలిసినవాడు తెలియనివాడికన్నా ఎక్కువ ఆనందిస్తాడు. వరస హత్యల సినిమాలో తెలిసినవాడే నష్టపోతాడు!

అమెరికాలోనూ ఇదే తంతు

ఇది మన దగ్గరే అనుకుంటే పొరపాటు. 1998లో గస్ వాన్ శాంట్ అనే పేరున్న దర్శకుడికి ఓ విచిత్రమైన ఆలోచన వచ్చింది. ‘సైకో’ని షాటుకు షాటు, అదే స్క్రిప్టుతో, అదే బాణీలతో రంగుల్లో మళ్లీ తీశాడు. ఫలితం? చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల్లో చెత్త దర్శకుడి బహుమతి. చెత్త రీమేక్ బహుమతిలోనూ వాటా దక్కింది. ఒక్కో షాటునూ నకలు చేయగలిగాడు గానీ, షాటుకీ షాటుకీ నడుమ హిచ్‌కాక్ దాచిన ఊపిరిని పట్టుకోలేకపోయాడని విమర్శకులు తేల్చేశారు.

జనం మాత్రం ప్రతిసారీ విమర్శకుల మాట వినరు. 1974 నాటి ‘టెక్సాస్ చైన్‌సా మాసకర్’ని 2003లో మళ్లీ తీస్తే ప్రముఖ సమీక్షకుడు రోజర్ ఎబర్ట్ ఒక్క స్టారైనా ఇవ్వలేదు. కోటి డాలర్లలోపు ఖర్చుతో తీసిన ఆ సినిమా పదికోట్ల డాలర్లకు పైగా తెచ్చింది! పాతది పుట్టేనాటికి పుట్టని కుర్రకారు దాన్ని కొత్తగా చూశారు. 1978 నాటి ‘హాలోవీన్’ని 2007లో తీసినప్పుడూ సమీక్షల్లో తిట్లు, టికెట్ల దగ్గర వరసలు.

అన్నిటికన్నా తమాషా 2009లో జరిగింది. 1980 నాటి ‘ఫ్రైడే ద థర్టీన్త్’ రీమేక్ మొదటి వారాంతంలో నాలుగుకోట్ల డాలర్లు రాబట్టింది. రెండో వారాంతానికి వసూళ్లు ఏకంగా 80 శాతం పడిపోయాయి. అంటే, చూడాలనుకున్నవాళ్లంతా మొదటి మూడు రోజుల్లోనే చూసేశారు. ఇంకొకరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పేరు జనాన్ని హాలుదాకా తీసుకొస్తుంది. రెండోవారం నిలబెట్టాల్సింది లోపలున్న సరుకే.

భయానికీ ఓ యాస ఉంది

మరి మళ్లీ తీసినా భయపెట్టగలిగినవి లేవా? భేషుగ్గా ఉన్నాయి. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. మూసి ఉన్న గది, ఎప్పుడో చనిపోయిన నర్తకి, ఆమె ఆవహించిందనుకునే ఇల్లాలు. ఆ నర్తకి మలయాళంలో తమిళం మాట్లాడుతుంది. 2005లో పి.వాసు తమిళంలో ‘చంద్రముఖి’ తీసినప్పుడు ఆ నర్తకిని తెలుగమ్మాయిని చేశాడు. తమిళ సినిమాలో ఆమె పాడే పాట తెలుగులో ఉంటుంది. 2007లో ప్రియదర్శన్ హిందీలో తీస్తే ఆమె బెంగాలీ మంజులిక అయింది.

గమనించారా? ప్రతిచోటా దెయ్యం వేరే రాష్ట్రం నుంచే వచ్చింది! సగం అర్థమై సగం అర్థంకాని భాషలో ఎవరైనా మాట్లాడితేనే కదా గుబులు! కథను మక్కికి మక్కి దించకుండా, ఆ ఊరివాళ్ల చెవికి ఏది వింతగా తోస్తుందో వెతికి పట్టుకున్నారు. అందుకే తెలుగులోకి అనువదించిన ‘చంద్రముఖి’ కూడా ఇక్కడ బ్రహ్మాండంగా ఆడింది. అసలు గుట్టు తెలిశాక కూడా జ్యోతిక కళ్ల కోసం మళ్లీ చూస్తున్నారు జనం.

ఆ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ‘రాట్చసన్’ హిందీ రూపమే చెబుతుంది. అక్షయ్‌కుమార్‌తో ‘కట్‌పుత్లీ’ పేరుతో తీసి 2022 సెప్టెంబరు 2న నేరుగా ఓటీటీలో వదిలారు. చల్లటి కొండల ఊరు కసౌలీకి కథ మార్చారు. పాటలు పెట్టారు. ముప్పై ఆరేళ్ల పాత్రలో యాభై దాటిన హీరో కనిపించాడు. హిందీ సమీక్షకులు పెదవి విరిచారు. అప్పటికి ఆ కథ రెండు భాషల్లో తిరిగొచ్చింది మరి. ఊరు మారింది గానీ, ఆ ఊరికే సొంతమైన భయం ఒక్కటీ కథలోకి రాలేదు.

బందరు మార్కు భయం

బందరులో పుట్టిన ఓ దర్శకుడు దీనికి వేరే మార్గం కనిపెట్టాడు. మారుతి కథ అందించి నిర్మించిన ‘ప్రేమకథా చిత్రమ్’ 2013 జూన్‌లో వచ్చింది. దర్శకుడిగా జె.ప్రభాకరరెడ్డి పేరు వేశారు. సుధీర్‌బాబు, నందిత జంట. చచ్చిపోదామని ఓ ఇంట్లో చేరిన నలుగురు... దెయ్యం కనబడగానే ప్రాణాల మీద తీపి పుట్టి పరుగులు! అరిచిన మరుక్షణం నవ్వు, నవ్వు ఆగేలోపు అరుపు. ఆ తరవాత తెలుగులో హాస్య దెయ్యాలు వరస కట్టాయి.

ఆ సినిమా ఇక్కణ్నుంచి బయటికెళ్లింది. 2014లో కన్నడంలో ‘చంద్రలేఖ’, 2015లో తమిళంలో ‘డార్లింగ్’ అయింది. ఎందుకంటే, నవ్వుకు గుట్టుతో పనిలేదు. దెయ్యం ఎవరో తెలిశాక కూడా భయంతో వణికే మనిషిని చూసి మళ్లీ నవ్వొచ్చు. అలాగని ప్రతిసారీ పాచిక పారుతుందా? 2019లో వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్ 2’ మొదటిదాని దరిదాపులకు రాలేదు. పేరు తెచ్చుకోవడం తేలికే, ప్రాణం తెచ్చుకోవడమే కష్టం!

భయంలో అందం కలిపితే ఏమవుతుందో వంశీ 1985లోనే చూపించాడు. ‘అన్వేషణ’లో చంపుతున్నదెవరో తెలియనివాళ్లు ఇవాళ తక్కువే. అయినా టీవీలో వస్తే రిమోటు పక్కన పెట్టేస్తారు. ఆ అడవి, ఆ పొగమంచు, భానుప్రియ పరుగు, ఇళయరాజా బాణీలు... అవి గుట్టు కాదు కాబట్టి ఖర్చయిపోలేదు.

దివిసీమకు తెలిసిన రాత్రి

భయం అనే మాటకు ఈ డెల్టాలో ఇంకో అర్థం కూడా ఉంది. 1977 నవంబరు 19. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణమ్మ చేతుల మధ్య ఉన్న దివిసీమ మీదికి సముద్రం తాటిచెట్ల ఎత్తున లేచొచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. బాధితుల కోసం ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టుకుని ఊరూరా తిరిగారు.

ఆ రాత్రిని దాటొచ్చిన ఇళ్లలో గాలి హోరు మారితే ఇప్పటికీ పెద్దవాళ్లు లేచి కూర్చుంటారు. ముసుగు వేసుకున్న మనిషికన్నా ముసురు పట్టిన ఆకాశమే వాళ్లకు ఎక్కువ భయం. వాళ్లను భయపెట్టాలంటే హంతకుడికి ఎంత పెద్ద కత్తి ఇవ్వాలి? ఆ లెక్కన చూస్తే స్లాషర్ సినిమా ఓ ఆట మాత్రమే. రెండున్నర గంటలు భయపడి, దీపాలు వెలగ్గానే నవ్వుకుంటూ బయటికొచ్చే ఆట. నిజమైన భయానికి దీపాలు వెలగవు.

అందుకే ఓ భయం కథను ఇంకో ఊరికి తెచ్చేవాళ్లు మొదట వెయ్యాల్సిన ప్రశ్న ఒకటే. ‘ఈ ఊరివాళ్లు ఇప్పటికే దేనికి భయపడుతున్నారు?’

ఇంటిదాకా వచ్చిన భయం

‘రాక్షసుడు’ నకలు అన్నవాళ్లు కూడా ఒప్పుకున్న బలం అక్కడే ఉంది. పాత స్లాషర్లలో ఓ దుర్మార్గం కనిపించేది. ‘కట్టు తప్పిన’ అమ్మాయే ముందు చచ్చేది. ‘ఎర్ర గులాబీలు’లో హంతకుడి కోపమూ అలాంటి ఆడవాళ్ల మీదే. చూసేవాడికి లోపల ఎక్కడో ‘బుద్ధిగా ఉంటే బతికేది కదా’ అనిపించేలా ఉండేవి ఆ కథలు. ఈ సినిమాలో చనిపోయేది యూనిఫాం వేసుకుని బడికెళ్లే పిల్లలు. వాళ్ల వైపు వేలు చూపించడానికి ఏమీ లేదు. బడికి పంపిన పిల్ల ఇంటికి రావడం ఓ గంట ఆలస్యమైతే చాలు, గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా అమ్మకు కలిగే ఆ గుబులుకు అనువాదం అక్కర్లేదు.

అందులోనూ ముసుగు హంతకుడికన్నా ఎక్కువ వెన్ను వణికించింది ఆ లెక్కల మాస్టారు. మార్కుల పేరుతో బెదిరించి, అమ్మాయిలు నోరు విప్పరన్న ధీమాతో బతికే మనిషి. అలాంటివాడు రహస్యం ఏమీ కాదు, మారువేషమూ ఉండదు. రెండోసారి చూసినా ఆ సన్నివేశం కడుపులో తిప్పుతుంది. ఎందుకంటే అక్కడ ప్రశ్న ‘ఎవరు’ అన్నది కాదు, ‘పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది’ అన్నది. పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. కానీ ఆ నంబరుకన్నా ముందు పిల్ల నోరు విప్పాల్సింది ఇంట్లోనే. సినిమా చూసొచ్చిన రాత్రి ఏ ఇంట్లోనైనా ఆ మాట ఒక్కసారి వచ్చిందంటే, షాటుకు షాటు నకలైనా సరే, ఆ టికెట్టు డబ్బులు దండగ కాదు.

మెచ్చుకోళ్లతోపాటు ఓ మచ్చ కూడా చెప్పుకోవాలి. హంతకుడి గతానికి ఓ అరుదైన జబ్బును ముడిపెట్టడం తమిళంలోనే విమర్శలకు గురైంది. మామూలుగా కనిపించని ముఖమే రాక్షసత్వానికి గుర్తన్నట్టు చూపిస్తే, అలాంటి జబ్బుతో బతుకుతున్నవాళ్ల సంగతేమిటి? రీమేక్ అన్నది తప్పు దిద్దుకోవడానికి దొరికిన రెండో అవకాశం. మక్కికి మక్కి దించినప్పుడు మాతృకలోని మెరుపులతోపాటు మరకలూ వచ్చేస్తాయి.

గుట్టు దాగని కాలం

‘రాక్షసుడు’కు కలిసొచ్చిన భాషా గోడ ఇప్పుడు బాగా పలచబడింది. ఒకప్పుడు పక్క రాష్ట్రం సినిమా బందరు దాకా రావాలంటే డబ్బింగో రీమేకో కావాలి. ఇప్పుడు ఓటీటీలో మలయాళం, తమిళం, కొరియా సినిమాలు కింద అక్షరాలతోనో తెలుగు మాటలతోనో నేరుగా నట్టింట్లోకి వచ్చేస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో మలయాళ ‘దృశ్యం 2’ ఓటీటీలోకి వచ్చిన తొమ్మిది నెలలకు వెంకటేశ్ తెలుగు ‘దృశ్యం 2’ కూడా ఓటీటీలోకే వచ్చింది. చాలామంది రెండూ చూశారు. అక్కడ హంతకుడెవరో మొదటి భాగంలోనే తెలుసు కాబట్టి, ఆ నాన్న ఈసారి ఎలా తప్పించుకుంటాడన్నదే ఆసక్తి. వెంకటేశ్ ముఖంలో ఆ బెంగ ఎలా ఉంటుందో చూడటానికి చూశారు. అచ్చం పద్యం తెలిసినవాడు ఇంకో నటుడి గొంతులో వినడానికి వెళ్లినట్టు!

ఇకముందు మన దర్శకులకు దొరికేది అలాంటి ప్రేక్షకుడే. గుట్టు అతని ఫోనులోనే ఉంది. అతన్ని సీటులో కూర్చోబెట్టాలంటే గుట్టు కాకుండా ఇంకేదో ఉండాలి. ఓ నటుడి కన్నో, ఓ ఊరి యాసో, ఓ ఇంటి గుబులో. అది ఉంటే పాత కథా కొత్తదే. అది లేకపోతే కొత్త కథా ఒక్క వారాంతమే.

ఈలోగా చూసినవాళ్లు చేయగలిగిన సాయం ఒకటుంది. ‘రాక్షసుడు’లో హంతకుడెవరో ఇంకా తెలియనివాళ్లు ఏ ఇంట్లోనో ఒకరిద్దరు మిగిలే ఉంటారు. వాళ్లకు చెప్పకండి. ఈ కథనమూ చెప్పలేదు, గమనించారుగా!